పోత పిస్టన్

మెకానిక్ ఖాసింపీరా పడవ ఇంజన్ విప్పాడు. ఇరవై రోజుల కిందట కంపెనీ ఇచ్చిన అచ్చు మిషన్‌లో లోహపు పొడి పోసి పది నిమిషాల్లో అచ్చుతీసిన పిస్టన్ అప్పుడే అరిగి, నూనెలో బూడిదరంగు బురదలా తేలుతోంది. నిజాంపట్నం రేవులో ఇప్పుడు అన్ని పడవలకూ ఈ పిస్టన్లే.

"ఇంకోటి తియ్యన్నా," అంది పడవ యజమానురాలు పోలమ్మ. "ఇంజన్ ఆగిపోయి మొన్న మాయన రెండ్రోజులు నడిసంద్రంలో ఇరుక్కుపోయాడు."

"ఈ పెంట మళ్లీ నా చేత్తో బిగించను. పాత అల్యూమినియం కరిగించి పోత పోస్తా. నాలుగు రోజులు పడుద్ది."

"అట్టాగైతే వారంటీ పోద్ది," అన్నాడు పక్కనున్న మిషన్ కంపెనీ ఏజెంటు.

పోలమ్మ అతని కాళ్ల దగ్గర ఉమ్మింది. "నడిసంద్రంలో వారంటీ పట్టుకుని ఈదమంటావా?"

ఆ పూటే కంపెనీ ఎక్కడో కూర్చుని ఖాసింపీరా మిషన్‌ను పనిచెయ్యకుండా ఆపేసింది. అతను దాన్ని బయటికి గెంటి కొలిమి రాజేశాడు.

వారం తర్వాత పోలమ్మ పడవ చేపలతో ఒడ్డుకొచ్చేసరికి, ఖాసింపీరా కొట్టు ముందు పోత పిస్టన్ల కోసం ఏడు ఇంజన్లు దిగి ఉన్నాయి.