జంక్ ఫోల్డర్

ఎల్లారావు కొట్టిన దెబ్బకు తౌసిఫ్ పెదవి చిట్లి, రక్తం కీబోర్డు మీద పడింది.

"సచ్చిపోయిన మా తమ్ముడి పేరుతో దొంగ మెయిల్సు పుట్టిస్తావేట్రా? గొడవయ్యాక ఆడు నాకు ఒక్క ముక్క రాయలేదు!"

చేపలు ఎగుమతి చేసే ఎల్లారావు, తన పాత కంప్యూటర్‌లోని మెయిల్స్ కొత్త ప్రోగ్రామ్‌లోకి మార్చమని వన్ టౌన్‌లోని తౌసిఫ్ షాపులో ఇచ్చాడు.

"నాను పుట్టించలేదు బావా. పాతదాంట్లో నాగబాబుని నువ్వే బ్లాక్ సేసినావు. ఆడు రాసినయ్యన్నీ నీకు కనబడకుండా జంక్ ఫోల్డర్లో పడినాయి. నాను మొత్తం మార్సినాను, అయ్యీ వచ్చినాయి."

మళ్లీ లేచిన పిడికిలి గాలిలోనే ఆగిపోయింది. పడవ ఎవరు నడపాలన్న గొడవలో తెడ్డుతో తమ్ముడి చెయ్యి విరగ్గొట్టి, ఇంటికొచ్చి బ్లాక్ నొక్కింది తనే. తర్వాత ఓడ పనికి వెళ్లిన నాగబాబు సముద్రంలోనే పోయాడు. తమ్ముడు తనను క్షమించకుండానే పోయాడని ఎల్లారావు ఇన్నాళ్లూ కుమిలిపోయాడు.

మొదటి మెయిల్ తెరిచాడు.

"అన్నియ్యా, సెయ్యి అతుక్కుంది. వదినకి సెప్పు. నీకు కోపం తగ్గినాక ఫోన్ సెయ్యి."

అక్షరాలు అలుక్కుపోయాయి. ఎల్లారావు కుర్చీలో కూలబడ్డాడు.

"మిగతాయి నువ్వు సదువు తౌసిఫూ. నా వల్ల కాదు."

తౌసిఫ్ చొక్కా చేతితో నెత్తురు తుడుచుకుని, రెండోది తెరిచి చదవసాగాడు.