గుమ్మం దగ్గర ఆగే తల్లి

వెనక వరసలో కూర్చున్న పెద్దావిడ మళ్లీ చెయ్యెత్తింది.

దర్శకుడు తల పట్టుకున్నాడు.

తెల్లారితే నాటకం. ఆఖరి సీను ఇంకా దారికి రాలేదు. దానికి తోడు ఈవిడొకర్తె.

ఎవరో ఏమిటో తెలీదు. రిహార్సల్ హాలు తలుపులు తీసి ఉంటాయి కదా అని ఈ మధ్య రోజూ వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటోంది. కూర్చుంటే కూర్చుంది, సలహాలెందుకు?

"ఏంటమ్మా?" అన్నాడు, ఉన్న ఓపికంతా కూడగట్టుకుని.

"ఆ తల్లి అలా ఏడవదు బాబూ."

నాటకంలో తల్లి పసివాణ్ణి చెల్లెలి చేతిలో పెట్టి వెళ్లిపోతుంది. ఆఖరి సీనులో తిరిగొచ్చి, గుమ్మం దాటి, "నేనేరా మీ అమ్మని" అంటూ పెద్దవాడైన కొడుకు మీద పడి ఏడుస్తుంది. కొడుకు కావలించుకుంటాడు. ఆ కావలింత కోసమే అతను నాటకం మొత్తం రాశాడు.

గుమ్మం అంటే కర్రలు కొట్టి నిలబెట్టిన చట్రం. తల్లి వేషం వేసే ఆవిడ కాలు తగిలి అది ఊగినప్పుడల్లా అతని ప్రాణం విసిగిపోతోంది.

"ఏడవక ఏం చేస్తుంది?"

"గుమ్మం ఇవతలే ఆగిపోతుంది. కళ్లారా చూసుకుంటుంది. వెళ్లిపోతుంది."

"చెప్పకుండానా?"

"ఏ మొహం పెట్టుకుని చెబుతుంది?"

తల్లి వేషం ఆవిడ కూడా ఆలోచనలో పడింది. ఎంత ప్రయత్నించినా తనకు ఏడుపు రావడం లేదని, పెద్దావిడ చెప్పిందే నిజమనిపిస్తోందని నెమ్మదిగా అంది. దర్శకుడికి ఒళ్లు మండిపోయింది.

"అంత దూరం వచ్చి, కొడుకు ఎదురుగా నిలబడి, నోరు విప్పకుండా పోతుందా? ఎవరు నమ్ముతారమ్మా? జనం నవ్విపోతారు."

"నమ్మకపోతే పోనీ బాబూ. అది చెప్పదు."

"మీకేం తెలుసు? నన్ను ఐదేళ్లప్పుడు మా పిన్ని దగ్గర వదిలేసి పోయింది మా అమ్మ. మొహం కూడా గుర్తులేదు. నాకు తెలీదా?"

నటులంతా అతని వైపు తిరిగారు. పైన ఫ్యాను కిర్రుమంటోంది. ఇన్నాళ్లూ అతను ఎవరికీ చెప్పని మాట అది.

పెద్దావిడ సంచీ అందుకుని లేచింది.

"ఇప్పుడొస్తే ఏం చేస్తావు బాబూ?"

"గుమ్మం తొక్కనివ్వను."

"మరి నాటకంలో కొడుకు కావలించుకుంటాడు కదా," అంది. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే.

"అది నాటకం. మీకు దణ్ణం పెడతాను, బయటికి వెళ్లండి. మమ్మల్ని పని చేసుకోనివ్వండి."

ఆవిడ తలుపు దగ్గర ఆగి, అతన్ని ఒకసారి చూసి వెళ్లిపోయింది. పీడ వదిలిందనుకుని అతను సీను మళ్లీ మొదలుపెట్టించాడు.

తల్లి గుమ్మం దాటింది. కొడుకు చేతులు చాచాడు. ఎంతకీ అతకడం లేదు. పోనీ ఆ పెద్దావిడ్ని ఇంకాస్త కూర్చోబెట్టి అడగాల్సిందేమోనని అతనికి మొదటిసారి అనిపించింది.

అప్పుడే అతన్ని పెంచిన పిన్ని ఆయాసపడుతూ లోపలికొచ్చింది. మొహమంతా చెమట, కళ్లలో ఆత్రం.

"ఇంతకాలానికి ధైర్యం చేసి వచ్చిందిరా. తనే చెప్పుకుంటానంది, నన్ను నోరెత్తొద్దంది," అంటూ కుర్చీలో కూలబడింది. "ఇప్పుడేమో నేను పిలుస్తున్నా ఆగకుండా బస్సెక్కేసింది. మీ అమ్మ నీతో ఏమందిరా?"