మొసలి చెప్పిన చుట్టరికం

నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి పొండి! ఆ ఏడాది ఎండకు మడుగు కుతకుత ఉడికి, చేపలు పులుసై తేలాయి. ఏటికి మేతకు పోదామంటే, రెక్క విరిగిన పిల్లను ఎవరికి అప్పగించాలో కొంగకు తోచలేదు.

“నా దగ్గర వదిలెళ్లు చెల్లీ,” అంది తాడిచెట్టంత మొసలి. “నీ కాలి పొలుసులు చూడు, నా తోలు చూడు. ఇద్దరం గూడు కట్టి గుడ్లు కాచేవాళ్లమే. మన మూలపురుషుడు ఒక్కడే.”

“వద్దమ్మా కొంగమ్మా!” అని గట్టు మీంచి ఉడుము గంగులప్ప అరిచాడు.

“నోర్ముయ్ రా! చూపులకు నా తమ్ముడిలా ఉంటావు గానీ, నాకు నీకన్నా కొంగే దగ్గరి చుట్టం.”

కొంగ తన కాళ్లకేసి చూసుకుంది. మొసలి చెప్పింది నిజమే. ఆ నిజాన్ని నమ్మి ఎగిరిపోయింది.

చేపతో తిరిగొచ్చేసరికి గట్టున ఈకలే మిగిలాయి.

“చుట్టమన్నావే!” అని కొంగ పెట్టిన కేకకు ఏడు కొండలు బీటలు వారాయి.

“అన్నాను. అబద్ధమా? చుట్టాన్ని తిననని ఎప్పుడన్నాను?” మొసలి మెల్లగా కళ్లు మూసుకుంది. “అయినవాళ్ల చావు కదా, మైలలో ఉన్నాను. ఆ చేప అక్కడ పెట్టెళ్లు, మైల తీరాక తింటాను.”

అబద్ధమనిపిస్తే గంగులప్పను అడగండి. ఆ ఈకల పక్కనే ఇంకా కూర్చుని ఉన్నాడు.