నాలుగు నంబర్లు

"ఇదీ తుప్పే. ఇంకోటి తియ్యండి."

భుజంగరావు చేతిలోని క్యాబినెట్‌ని బల్లమీద కాస్త గట్టిగానే పెట్టాడు. పావుగంటలో ఇది అయిదోది. పవర్‌హౌస్ మార్కెట్లో పాత కంప్యూటర్ సామాను అమ్మడం మొదలెట్టి పద్దెనిమిదేళ్లయింది. రేకు డబ్బాని ఇంతసేపు చూసిన మనిషి ఇంతవరకూ తగల్లేదు.

"రేకుతో మీకేటి పని దీదీ? కంప్యూటర్ ఆడేది లోపలి సామానుతో."

"డబ్బిచ్చేది నేను కదా భయ్యా. తియ్యండి."

ఆవిడ పేరు లక్ష్మీకుమారి. సెక్టర్ నాలుగులో, ఇంటి ముందుగదిలో ఆన్‌లైన్ ఫారాలు నింపుతుందట. నవంబరు నెల, స్టీలు ప్లాంటు పెన్షనర్లందరూ బతికే ఉన్నామని సర్టిఫికెట్ పెట్టుకునే కాలం. ఏడాది సంపాదనలో సగం ఈ నెలలోనే వస్తుంది. పన్నెండు రోజులుగా ఆవిడ దగ్గర కంప్యూటర్ లేదు, జనం పక్కవీధికి పోతున్నారు. తెర, కీబోర్డు ఇంట్లో ఉన్నాయి, డబ్బా, దాని లోపలివీ తను ఏరినవి బిగించి ఇస్తే చాలంది. పాత సామాను చాలు, తొమ్మిది వేలు దాటకూడదు, సాయంత్రానికి ఆడాలి.

సాయంత్రానికి అన్న మాట వినగానే భుజంగరావు మనసులో అన్ని ధరలూ వంద చొప్పున పెరిగాయి.

వ్యాపారంలో ఆయనకి తెలిసినవి రెండే. పాత కంప్యూటర్ని మొత్తంగా అమ్మితే నాలుగు వేలు, విడదీసి అమ్మితే ఏడు. అందుకే వచ్చినదాన్ని వచ్చినరోజే విప్పేసి బోర్డులన్నీ ఒక తొట్టిలో, డిస్కులన్నీ ఒక తొట్టిలో పడేస్తాడు. ఇక రెండోది, తెచ్చినవాణ్ని ఎక్కడిదని అడిగితే ధర పెరుగుతుంది. అందుకని అడగడు.

ఆరో క్యాబినెట్ లోపలి గోడమీద మూడు కుంకుమ బొట్లున్నాయి. భుజంగరావు గుడ్డ తీశాడు.

"ఉండనీండి," అందావిడ.

"విశ్వకర్మ పూజకి పెట్టినవి. ఈ ఊళ్లో క్రేనుకీ ఉంటాయి, మిక్సీకీ ఉంటాయి. తుడిచేస్తే శుభ్రంగా ఉంటుంది."

"మీ శుభ్రం నాకు తెలుస్తోంది గానీ, ఉండనీండి. ఇదే తీసుకుంటాను."

తర్వాత బోర్డు. లక్ష్మీకుమారి సంచీలోంచి నాలుగు మడతల కాగితం ఒకటి తీసింది. ఒక్కో బోర్డునీ ట్యూబ్‌లైటు కింద తిప్పి చూడ్డం, కాగితం చూడ్డం, పక్కకి తోసెయ్యడం. ఎవడో కాలేజీ వాడు రాసిచ్చిన చీటీ అయ్యుంటుందనుకున్నాడు భుజంగరావు. చీటీ పట్టుకుని వచ్చేవాళ్లంటే ఆయనకి పడదు. తెలిసినవాళ్లు అడుగుతారు, తెలియనివాళ్లు నమ్ముతారు, వీళ్లు రెండూ చెయ్యరు.

"చేప మొప్పలు చూసినట్టు చూస్తున్నారే."

"కుళ్లినవి అమ్మేచోట అలాగే చూడాలి."

పదమూడో బోర్డు దగ్గర ఆగింది. కాగితం మీద పెన్సిలుతో టిక్కు పెట్టింది. ర్యామ్‌కీ అంతే, పవర్ సప్లైకీ అంతే. తొట్టెలన్నీ నేలమీద బోర్లించాల్సి వచ్చింది. ఎండలో అటుగా వచ్చిన ఇద్దరు గిరాకీలు లోపల చోటులేక వెళ్లిపోయారు. ఆ నష్టాన్ని భుజంగరావు ఈవిడ ఖాతాలోనే వేసుకున్నాడు.

డిస్కు దగ్గర మాట పెరిగింది. ఆవిడ ఏరినది అయిదేళ్ల నాటిది. అదే ధరకి కొత్త రకం ఇస్తానన్నాడాయన. నిజానికి దానిమీద తనకి రెండొందలు ఎక్కువ మిగులుతాయి.

"రెండింతలు వేగం దీదీ. పెన్షనర్లు క్యూలో పోకుండా మిగుల్తారు."

"నాకు వేగం అక్కర్లేదు."

"మరేటి కావాలి?"

"ఇది."

"అయితే దీనికి ఇంకో రెండొందలు వెయ్యండి. మీరు మనసుపడ్డారు కదా."

లక్ష్మీకుమారి ఆయన్ని చెప్పుకి అంటుకున్నదాన్ని చూసినట్టు చూసింది. సరేనంది. నాలుగో టిక్కు పెట్టింది.

అరగంటలో బిగింపు అయింది. మొత్తం ఎనిమిది వేల ఏడొందలు. డబ్బు చేతిలో పడితేనే స్విచ్ వేస్తానన్నాడు భుజంగరావు. బిల్లు చేతిలో పడితేనే డబ్బిస్తానంది ఆవిడ. ఉత్త బిల్లు కాదట, బోర్డు, ర్యామ్, డిస్కు, పవర్ సప్లై, నాలుగింటి సీరియల్ నంబర్లూ అందులో ఉండాలట. కింద సంతకం, ముద్ర.

"పాత సామానుకి బిల్లేటి? రేపు తిరిగి తెచ్చి నా నెత్తిన కొట్టడానికా?"

"తిరిగి తేను. తొమ్మిది వేలిస్తాను, ఆ పై మూడొందలూ మీరే ఉంచుకోండి. రాయండి."

నాలుగు నంబర్లకి మూడొందలు. నంబరుకి డెబ్బై అయిదు. ఆయన జీవితంలో ఇంత ధర పలికిన రాత రాయలేదు. కళ్లజోడు పెట్టుకుని, ఒక్క అంకె తప్పుపోకుండా రాశాడు. సంతకం చేశాడు. ముద్ర సరిగ్గా పడలేదని ఆవిడ అంటే మళ్లీ వేశాడు.

లక్ష్మీకుమారి బిల్లునీ తన కాగితాన్నీ పక్కపక్కన పెట్టి ఒక్కో వరసా వేలితో చూసుకుంది. రెండింటినీ కలిపి మడిచి సంచీలో అడుక్కి పెట్టుకుంది. అప్పుడు తొమ్మిది వేలు లెక్కపెట్టి బల్లమీద ఉంచింది.

"ఇంత అనుమానంతో ఎలా బతుకుతున్నారో," అన్నాడు భుజంగరావు నోట్లు సొరుగులో వేస్తూ.

"అలవాటు కొత్తగా చేసుకున్నాను."

కొట్లోని తెరా కీబోర్డూ తగిలించి స్విచ్ వేశాడు. ఫ్యాను తిరిగింది. తెర వెలిగింది. అడ్మిన్ అని ఒక పేరు, దానికింద పాస్‌వర్డ్ అడుగుతూ ఖాళీ గడి. భుజంగరావుకి మధ్యాహ్నం నుంచీ మొదటిసారి మనసు చల్లబడింది. డిస్కుని ముందే చెరిపి పెట్టడం ఆయన ఎప్పుడూ చెయ్యడు. అమ్మాక చెరిపితే దానికి వేరే కూలి వస్తుంది.

"పాత ఆసామీ వేసుకున్న తాళం. కొత్తది తీసుకోమని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఇప్పుడు మొత్తం చెరిపేసి కొత్తగా ఎక్కించాలి. ఆరొందలవుద్ది, అది మీ బిల్లులో లేదు."

"చెరపొద్దు."

"చెరపకపోతే మీకిది సాయంత్రానికి ఎలా ఆడుద్ది?" అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

లక్ష్మీకుమారి కీబోర్డు తనవైపు తిప్పుకుని, పాస్‌వర్డ్ కొట్టి తెరిచింది.