దొరగారి చిరుతిండి

"ఇంకా తగ్గింది" అన్నాడు పక్షుల డాక్టరు, చిలుకను కాటా మీద నుంచి ఎత్తి పంజరంలో పెడుతూ.

అత్తగారు కళ్ళు ఒత్తుకుంది. చిలుక ఆవిడది. రెక్కలు రాని పిల్లగా ఉన్నప్పుడు తెచ్చుకుని, దాని నడకలో దర్జా చూసి దొరగారు అని పేరు పెట్టుకుంది. ఒకప్పుడు ఏ మాటైనా రెండు మూడుసార్లు చెవిన పడితే చాలు, అన్నవాళ్ళ గొంతుతోనే తిరిగి అప్పజెప్పేది. ఇప్పుడు చిక్కి సగమై, నోట మాట లేకుండా ఓ మూల కూర్చుంటోంది.

నిజానికి మొదట దాని జబ్బు ఒళ్ళే. పొద్దుతిరుగుడు గింజలు మేసి మేసి ఎగరలేనంత బలిసింది. డాక్టరు గింజలు చాలామటుకు తగ్గించేసి, వాటి బదులు ఇంట్లో చేసిన చిరుతిండి పెట్టమన్నాడు. ఉప్పు, పంచదార, నూనె తగలకూడదన్నాడు. ఆ బాధ్యత కోడలు నెత్తిన వేసుకుంది. కొర్రలు మెత్తగా ఉడికించి, ఓట్స్ పొడి, మగ్గిన అరటిపండు, క్యారెట్ తురుము కలిపి, గోలీలంత ఉండలు చేసి, సన్నని సెగ మీద ఓవెన్‌లో కాల్చేది. ఓవెన్ తలుపు తీస్తే ఇల్లంతా కమ్మటి వాసన. పళ్ళెం హాల్లో బల్ల మీద పెట్టేది. చల్లారాక ఎవరికి వీలైతే వాళ్ళు దొరగారికి పెట్టాలని ఇంట్లో ఒప్పందం.

"సరిగ్గా పెడుతున్నారా?" డాక్టరు అడిగాడు.

పొద్దున తనే పెట్టానంది కోడలు. మధ్యాహ్నం తను పెట్టానన్నాడు భర్త. సాయంత్రం వంతు తనదంది అత్తగారు.

"మూడుపూటలా తిన్న పక్షి ఇలా ఉండదు. వచ్చేవారం కూడా తగ్గితే నాతో తీసుకెళ్ళిపోతాను. ఇక్కడుంటే బతకదు" అని డాక్టరు సంచీ సర్దుకున్నాడు.

ఆయన గుమ్మం దాటగానే అత్తగారు కోడలి వైపు తిరిగింది.

"నా మీద కోపముంటే నన్నను అమ్మాయ్. నోరులేని జీవాన్ని మాడ్చకు."

భర్త గడియారాలు బాగుచేస్తాడు. ముందుగదిలోనే ఆయన పని. కంటికున్న భూతద్దం తీయకుండానే, దొరగారి కడుపులో నులిపురుగులున్నాయేమోనని ఓ మాట అని ఊరుకున్నాడు. భార్య పక్షాన మాత్రం ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ పూట కోడలు అన్నం ముట్టలేదు.

ఆమె బడిలో టీచరు. పరీక్షల్లో కాపీ కొట్టేవాళ్ళను పట్టుకోవడంలో ఆమెకు పేరుంది. నింద మోస్తూ కూర్చునే మనిషి కాదు. ఉండలు మాయమవుతున్నాయి, పక్షి చిక్కుతోంది. అంటే ఇంట్లో ఎవరో అబద్ధమాడుతున్నారు.

డాక్టరు మళ్ళీ వచ్చే రోజున ఆమె పిండిలో బీట్‌రూట్ తురిమి కలిపింది. అదీ దొరగారికి మంచిదే. పళ్ళెం యథాప్రకారం బల్ల మీద పెట్టి, తలస్నానానికి వెళుతున్నానని అందరికీ వినిపించేలా చెప్పింది. తిరిగొచ్చేసరికి డాక్టరు హాల్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పళ్ళెం ఖాళీ.

"దొరగారు తినేశాడు" అన్నాడు భర్త. "చూడు, ముక్కెంత ఎర్రగా ఉందో."

"అది పుట్టినప్పటి నుంచీ ఎరుపే" అందామె. "మీరు నాలుక చాపండి."

ఆయన డాక్టరు వైపు చూశాడు. డాక్టరేమో కిటికీలోంచి వీధి చూస్తున్నాడు. తప్పేది లేక భర్త చాపాడు. నాలుక కుంకుమ పులిమినట్టుంది. పని మీదుంటే మధ్యలో కడుపు కాలుతుందనీ, ఒకటి తింటే రెండోది దానంతటదే చేతిలోకి వస్తుందనీ ఒప్పుకున్నాడు.

"సొంత కొడుకే నా పక్షి నోటి దగ్గర కూడు లాక్కున్నాడా" అని అత్తగారు గుండె పట్టుకుంది. అలా అంటున్నప్పుడు నోటి లోపల ఎర్రగా ఏదో మెరిసింది.

"అత్తయ్యా, మీరూ నాలుక చాపండి."

ఆవిడ కాసేపు వినపడనట్టు నటించింది. తర్వాత చాపింది. పళ్ళులేని దాన్ననీ, ఇంట్లో తనకు నమిలే పని లేకుండా దొరికే తిండి అదొక్కటేననీ గొణిగింది.

డాక్టరు లేచాడు. సంచీ చంకన పెట్టుకుని, సంగతి తేలిపోయింది కాబట్టి బయలుదేరతానని సైగ చేశాడు. తను హాల్లోకి వచ్చిన దగ్గర్నుంచీ ఆయన ఒక్క మాటా మాట్లాడలేదని అప్పుడు తట్టింది ఆమెకు.

"డాక్టరు గారూ, నాలుక చాపండి."

ఆయన జీవితంలో పక్షుల నోళ్ళు తెరిచి చూడడమే గాని తన నోరు చూపించింది లేదు. చాపిన నాలుకే కాదు, చెవులు కూడా ఎర్రబడ్డాయి. ఉప్పు పడిందో లేదో చూద్దామని మొదటివారం ఒకటి నోట్లో వేసుకున్నాననీ, అప్పట్నుంచీ ఈ ఇంటికి రావలసిన రోజు కోసం ఎదురుచూస్తున్నాననీ చెప్పాడు.

ముందు భర్తకు నవ్వొచ్చింది. తర్వాత అత్తగారికి. కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. దొరికిపోయిన ముగ్గురూ సిగ్గుపడ్డారు. ఇకమీదట ఎవరి ఉండలు వాళ్ళకు వేరే పళ్ళెంలో చేసుకోవాలని భర్త ప్రతిపాదించాడు. అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుంది.

"నిన్ను అనరాని మాట అన్నాను అమ్మాయ్. ఈ ఇంట్లో నా పక్షికి నువ్వొక్కదానివే దిక్కు."

కోడలి కళ్ళు చెమర్చాయి. ఏమీ అనకుండా తలవంచుకుంది.

అప్పుడు పంజరంలో అలికిడయింది. దొరగారు మూల వదిలి, ఊచలు పట్టుకుంటూ ముందుకొచ్చాడు. మెడ ఓ పక్కకు వంచి కోడలినే పరకాయించి చూశాడు. ఇన్నాళ్ళకు ముక్కు విప్పి, అచ్చం ఆమె గొంతుతో పలికాడు.

"నాలుక చాపండి."

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు.

ఆమె నోరు తెరవలేదు.