హార్మోనియం పెట్టె

ఎల్లవ్వ హార్మోనియం పెట్టె మీద కూర్చుని లేవనంది.

"జర లెవ్వు. భజనకు యాల్లయితుంది," రొప్పుతూ అన్నాడు మొగుడు పరమేశ్వర్. సూరత్ పవర్‌లూమ్‌ల దుమ్ము ఏళ్ల తరబడి పీల్చి అతనికి ఉబ్బసం ముదిరింది.

"పోయిన శనివారం పాడుకుంటనే పడిపోతివి. గీ పెట్టె ఇయ్యాలనే అమ్మేస్త!"

"అమ్ము. పొద్దంత మిల్లుల సాంచెల మోతనేనాయె. నా గొంతు నాకు ఇనొచ్చేది దీని ముందటనే. గది గూడ లేకుంటె మందులు మింగి బతుకుడెందుకు?"

ఎల్లవ్వ లేచి పెట్టె తెరిచింది, తిత్తి మీద తనే చెయ్యి వేసింది.

"గాలి నేను గొడ్త. ఈడనే పాడు."

రెండో చరణంలో దగ్గు తన్నుకొచ్చి పాట తెగింది. ఎల్లవ్వ ఆగలేదు; ఆ గాలి అతని ఛాతీలోకే పోతున్నట్టు కొడుతూనే ఉంది.