జోగులమ్మ దారం

“చెయ్యి ఇటియ్యి,” అంది యమున.

రాఘవేందర్ కుడి చెయ్యి చాపాడు. మొగుడి చెయ్యి అలా మీదికి రాగానే యమున తల దానంతటదే పక్కకు తప్పుకుంది.

“కొడ్తలేనే, కట్టు,” అని నవ్వాడతను. పక్కనున్న అత్త సత్తెమ్మ కూడా నవ్వింది. అదీ ఒక వేడుకే ఆ ఇంట్లో.

ఇంటి వెనక రేకుల షెడ్డులో లేత్ మిషన్ పసుపు కుంకుమలతో పెళ్లికొడుకులా ఉంది. యమున వెండి కడియాలు అమ్మితే వచ్చిన మిషన్ అది. ఆమెను అడిగి అమ్మాడని మాత్రం అనుకోకండి. చూపు మందగించి వనపర్తిలో దుకాణం మూసేసిన నబీ సాబ్ దగ్గర కొన్నాడు. పాపం, ఆ పెద్దమనిషి గద్వాల దాకా వచ్చి, దగ్గరుండి బిగించి, బోరు మోటరు షాఫ్టు ఒకటి పెట్టి తిప్పి చూపించాడు.

“వాచీ తీసెయ్ బేటా. పొడుగు చేతుల అంగీ తొడగకు. తిరిగే మిషన్‌కు కండ్లుండవు,” అన్నాడు నబీ సాబ్. “ఆ దారం గూడ వద్దమ్మా.”

“జోగులమ్మ దారం సాబ్. అలంపురం పోయి మొక్కి తెచ్చిన. తనంత తాను తెగేదాక తియ్యొద్దు.”

నబీ సాబ్ నసిగాడు. వేరేవాళ్ల దేవత దారం, గట్టిగా ఏమనగలడు? “తెగే దారమైతే ఫికర్ లేదు. తెగకుంటే చెయ్యినే గుంజుకుంటది.”

“నూలుదే గద సాబ్!” యమున పళ్లెంలోంచి ఒక దారం తీసి లాగింది. పుటుక్కున తెగింది.

“సూసినవా సాబ్? ఉత్తగ పరేషాన్ చేస్తున్నవ్,” అన్నాడు రాఘవేందర్. “కట్టు జల్ది.”

పళ్లెం అడుగున పసుపు ముద్దలో నానుతున్న ఇంకో దారం తీసి కట్టింది యమున. అతను లాగి చూశాడు. ముడి కదల్లేదు.

“కిష్ణ ఒడ్డున చాపల వలలు అల్లుకుంట పెరిగింది. ముడి ఏసుడు దానికొకరు నేర్పాల్నా?” అని సత్తెమ్మ మూతి తిప్పింది.

“కొసలు గింత పొడుగేంది?” అన్నాడు రాఘవేందర్.

“కత్తెర ముట్టొద్దంట.”

“సరే, సాబ్‌కు ఛాయ్ తే.”

యమున కదల్లేదు. పళ్లెం సర్దుతూ పక్కకు తిరిగి ఉంది, అతనిప్పుడు ఆమె ఎడమ పక్కన ఉన్నాడు. పోయిన దసరా నుంచి ఆమెకు ఆ చెవి వినబడదు. జారి పడ్డానని దవాఖానలో చెప్పింది. అలా చెప్పమన్నది సత్తెమ్మే.

“చెవిటిదానా!” అంటూ చెయ్యెత్తి, నబీ సాబ్ ఉన్నాడని దించాడు రాఘవేందర్.

మిషన్‌కు పని బాగానే దొరికింది. ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం షెడ్డులోంచి రాఘవేందర్ అరుపు వినబడింది. సత్తెమ్మ వీధిలోంచి ఉరికి వచ్చేసరికి, షెడ్డు పక్కనే యమున బట్టలు ఉతుకుతోంది. అరుపు ఎడమ వైపు నుంచి వచ్చింది మరి. అత్త వచ్చి కుదిపాకే ఆమె లోపలికి పరుగెత్తి మిషన్ ఆపింది.

కర్నూలు దవాఖానలో డాక్టరు తేల్చేశాడు. ప్రాణానికి భయం లేదు, కానీ ఆ చెయ్యి ఇక పైకి లేవదు.

“నేను గట్టిగ చెప్పకపోతి,” అని నబీ సాబ్ కళ్లు ఒత్తుకున్నాడు.

“నీ తప్పేంది సాబ్? దీని తప్పు మాత్రమేంది? మొగడు సల్లగుండాలని కట్టింది పాపం,” అంటూ సత్తెమ్మ కోడలిని దగ్గరికి తీసుకుంది. కాపురానికి వచ్చాక అత్త ఆమెను ముట్టుకుని ఓదార్చడం అదే మొదలు.

నర్సు కత్తిరించి తీసిన దారాన్ని దూది మీద పెట్టి ఇచ్చింది.

“అమ్మోరిది, పారెయ్యకు,” అంది సత్తెమ్మ.

“నెత్తురైంది. కడుక్కొస్త,” అని యమున కుళాయి దగ్గరికి వెళ్లింది.

పసుపు వదిలి, వల అల్లే నైలాన్ దారం తెల్లగా బయటపడింది.